తాడుకి అవతలి కొస

ఎండాడ ఎత్తు సగం ఎక్కాక
బండి ఒక్కసారి గుటక మింగింది.
దగ్గలేదు, వణకలేదు, పొగ ఊదలేదు.
స్టీరింగు మాత్రం చేతుల్లో రాయైపోయింది.
ముప్ఫై ఎనిమిది లక్షల బండి
పదకొండు వేల నాలుగొందల కిలోమీటర్ల వయసుకే
లారీల మధ్య, నడిరోడ్డు మీద
చడీచప్పుడు లేకుండా చతికిలబడింది.

తెర మీద అక్షరాలు వెలిగాయి:
డీలరుని సంప్రదించండి.
వెనకనున్న ఆర్టీసీ బస్సు
హారనుతో నన్ను సంప్రదించింది.

పోర్టులో ముప్ఫై రెండేళ్లు టగ్గు ఇంజన్లు చూశాను.
పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బ్లాకుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుంటే చాలు,
ఏ బేరింగు మూలుగుతోందో
ఏ వాల్వు గొణుగుతోందో చెప్పేసేవాణ్ణి.
ఇంజను చెప్పకుండా చావదర్రా,
వినేవాడుండాలంతే,
అనేవాణ్ణి కుర్రాళ్లతో, టీ చప్పరిస్తూ.

బానెట్టు ఎత్తాను.
నల్లటి ప్లాస్టిక్కు మూత, నున్నగా.
ఎక్కడ చెవి పెట్టాలో తెలీదు.
అయినా అరచెయ్యి వేసి చూశాను,
జొరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.
వేడిగానే ఉంది. అంతకుమించి ఏం చెప్పలేదు.

అప్పలకొండ డివైడరు మీద కూచుని
చీర కొంగు నెత్తిన కప్పుకుని అంది:
"అంతేసి ఓడల్ని లాగినోడివి,
నిన్ను లాగడానికి ఎవులొస్తారు?"

గంటన్నరకి గౌరినాయుడొచ్చాడు, పసుపుపచ్చ లారీతో.
"ఈ మోడలు ఈ వారంలో మూడోది బాబూ.
పెద్దయ్యే ఆగిపోతన్నాయి,
మా మావ ఆటో పద్దెనిమిదేళ్లయి తిరుగుతంది"
అని గొలుసు బిగించాడు.
ముడి చూశాను. బాగానే వేశాడు.
ఒక కొక్కెం మాత్రం నేనే సరిచేశాను, ఊరుకోలేక.

హనుమంతవాక, ఇసుకతోట, మద్దిలపాలెం.
సిగ్నలు సిగ్నలుకీ జనం తలెత్తి చూశారు,
పల్లకీలో శవాన్ని చూసినట్టు.
గురుద్వారా దగ్గర ఒక బుడ్డోడు చెయ్యూపాడు.

అప్పుడు గుర్తొచ్చారు ఆ కెప్టెన్లు.
ఇనుప ఖనిజం కోసమొచ్చిన ఓడలు,
మా టగ్గు వాటి పక్కన వక్కపలుకంత.
డాల్ఫిన్ నోస్ కింద మలుపులో మేం లాగుతోంటే
పైనెక్కడో తెల్లచొక్కాతో ఒకడు
రెయిలింగు పట్టుకుని, కిందికి చూస్తూ, ఉలుకూపలుకూ లేకుండా.
పొగరనుకున్నాను.
ముప్ఫై రెండేళ్లూ అదే అనుకున్నాను.

ఎన్నేడీ దాటి, విమానాశ్రయం దాటి, గాజువాక.
ఆటోనగర్ సర్వీసు సెంటర్లో
చల్లటి గది, కాగితం కప్పుల్లో కాఫీ.
"మీది ఎంతకి పోయింది?"
"ఎనిమిది వేల రెండొందలు."
"నాది పంతొమ్మిది, పాపం."
చిన్న వయసులో పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టే.
అనకాపల్లి బెల్లం వ్యాపారి వాయిదాలు లెక్కపెడుతున్నాడు.
కేటరింగు పప్పల సుజాతగారు
రెండొందల మంది భోజనాలతో
తగరపువలస వంతెన మీద ఆగిపోయారట.
సాంబారు చల్లారిపోయిందని కాదు,
వెనకొచ్చే టిప్పరు బ్రేకు వేసింది కాబట్టి
ఇలా కాఫీ తాగుతున్నానని అన్నారు.
ఎవరూ ఏమీ అనలేదు కాసేపు.

టై కట్టుకున్న కుర్రాడు ఆయిలు తెచ్చి చూపించాడు.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాశాను.
రజను.
ఇంజను పోసినప్పుడు కడగడం మరిచిన రజను,
కంటికి ఆనదు, చర్మానికి తెలుస్తుంది.
పుట్టిన రోజునే మింగేసింది పాపం.
నేనెంత విన్నా ఏం వినబడేది?
"కొత్తింజను ఉచితం సార్. నలభై రోజులు."

పంతొమ్మిదో రోజున ఫోను.
"సార్, ఇంజను ఇంకా రాలేదు.
కానీ మీ బండిలోంచి వాసన,
షెడ్డంతా తిరిగేస్తోంది, పని సాగట్లేదు..."
అప్పలకొండ నాలిక్కరుచుకుంది.
కొమ్మాది వదినగారికని డిక్కీలో పెట్టిన
పనసకాయ.
"కోసుకు తినెయ్యండి నాయనా" అన్నాను.

ఆ బండి మొత్తంలో
తన సంగతి తాను చెప్పుకున్నది
అదొక్కటే.